పిలకాయల సంగతి కూడా మన ఎజెండాలో ఉండాలి



1992లో మన జిల్లాలోని దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. ఆ తర్వాత రోజుకో రూపాయి దాచి పొదుపు నేర్చుకున్నాం. ఇప్పుడు అప్పుల వాయిదాలు మినిట్స్ పుస్తకంలో తప్పకుండా రాస్తున్నాం. అందులోనే మన ఊరి పిలకాయల సంగతికి కూడా చోటివ్వాలని ఈ ఏడు అడుగుతున్నాం.

హోముల్లో ఉండే పిల్లలంతా ఎవరూ లేనివాళ్లు కారు. చాలామందికి అమ్మో, అవ్వో ఉన్నారు. వేటకు పోయిన మనిషి తిరిగి రాకపోతే ఇల్లు ఎట్లా కుంగిపోతుందో మన పాలేల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. జరుగుబాటు లేకనే తల్లి బిడ్డను వదిలి వస్తుంది. 2015 నాటి బాలల న్యాయ చట్టం మాత్రం హోములో ఉంచడం చివరి దారి కావాలంటోంది.

మిషన్ వాత్సల్య కింద బిడ్డకు నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. భర్త పోయిన, లేదా భర్త వదిలేసిన తల్లుల పిల్లలకు, బంధువుల ఇంట్లో పెరిగే అనాథలకు ఇది వర్తిస్తుంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో ఇవ్వాలి.

చిక్కంతా మరణ ధ్రువపత్రం దగ్గరే. సముద్రంలో గల్లంతైన మనిషి శవం దొరక్కపోతే, సాధారణంగా ఏడేళ్లు ఆచూకీ లేకుంటేనే చట్టం చనిపోయినట్టు లెక్కేస్తుంది. ఈలోగా మూడో తరగతి పిల్ల పదికి వస్తుంది. అందుకే గల్లంతైన వెంటనే గ్రామ సంఘం ఆ ఇల్లాలికి తోడుపోయి పోలీసులకు, మత్స్యశాఖకు రాసివ్వాలి. ఆ కాపీలు భద్రంగా దాచాలి.

ఇప్పటికే హోములో ఉన్న బిడ్డను చూసేందుకు తల్లికి బస్సు చార్జీ లేకపోతే సంఘం సర్దాలి. ఎవరూ రాని బిడ్డకు పెట్టే అన్నం కడుపు నింపుతుంది గానీ దిగులు తీర్చదు.

18 నిండితే హోము నుంచి బయటికి రావాలి. 21 వరకు సాయం ఇచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. అది అందుతోందా, ఆధార్, బ్యాంకు ఖాతా, సర్టిఫికెట్లు చేతికొచ్చాయా అని అడగాలి. సంక్రాంతికి వచ్చి పోయేందుకు ఊళ్లో వాళ్లకో ఇల్లుండాలి.

కాబట్టి తీర్మానం ఇది. ప్రతి గ్రామ సంఘం నెలకోసారి మూడు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ బిడ్డ ఇల్లు వదిలే స్థితిలో ఉంది? హోములో ఉన్న బిడ్డను ఈ నెల ఎవరు చూసొచ్చారు? 18 నిండిన బిడ్డకు తోడెవరు? పిల్లల పేర్లు మాత్రం సమావేశం దాటకూడదు. ఆపద కనిపిస్తే 1098కి ఫోన్ చేద్దాం.

ఒప్పుకున్నవాళ్లు చెయ్యెత్తండమ్మా.