చలిని తట్టుకునే వేట నల్లులు

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో కుండీల్లో గులాబీలు పెంచేవారు ఓసారి ఆకు అడుగుభాగాన్ని భూతద్దంతో చూడండి. సన్నని బూజులో మెల్లగా కదిలే చుక్కలు కనిపిస్తే అవి రసం పీల్చే ఎర్రనల్లులు. వాటి మధ్య నిగనిగలాడుతూ చురుగ్గా పరుగెత్తేది వాటిని తినే వేట నల్లి. ఎనిమిది కాళ్లున్న ఈ ప్రాణి పొడవు అర మిల్లీమీటరు కూడా ఉండదు.

చలికాలాన్ని ఇది ఎలా దాటుతుంది? మంచు కురిసే యూరప్ తోటల్లో పగటివేళ తగ్గుతూ, చలి ముదురుతుండగా జతకట్టిన ఆడ నల్లులు గుడ్లు పెట్టడం ఆపేస్తాయి. బెరడు పగుళ్లలో దూరి నిద్రాణస్థితిలోకి వెళ్తాయి. ఉష్ణోగ్రత సున్నా కన్నా చాలా కిందికి దిగినా వాటి ఒంట్లోని ద్రవం గడ్డకట్టదు. వసంతం రాగానే మేలుకుని మళ్లీ గుడ్లు పెడతాయి. అన్ని జాతులకూ ఈ శక్తి లేదు. కొన్ని అసలు నిద్రాణస్థితికే వెళ్లవు.

మన హైదరాబాద్‌లో గడ్డకట్టే చలి లేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో వేట నల్లుల ఎదుగుదల మందగిస్తుంది, అంతే. పగటి ఎండకు మళ్లీ వేట సాగుతుంది. అందుకే ఎర్రనల్లి కనపడగానే ఘాటైన పురుగుమందు కొట్టకండి. ముందు ఆకుల అడుగున నీళ్లు చిమ్మి కడగండి. మన మిత్రులను బతకనివ్వండి.