ఒక రూపాయి బిళ్ల మీద కలివి కోడి



నారాయణపేట ఊళ్లనుంచి బొంబాయికి, పుణెకు పనికి పోయినోళ్లు ఒకప్పుడు ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్లు. ఉత్తరం చదివించుకున్నంక కవరును పొయ్యిలో వేసేవాళ్లు. కవరు మీది తపాలా బిళ్ల కూడా దాంతోపాటే కాలిపోయేది. ఆ బిళ్లల మీద ఒక్కోసారి అడవి పిట్టలు ఉంటాయి. వాటిని ఏరి దాచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

1988లో ఒక రూపాయి బిళ్ల వచ్చింది. దాని మీద ఉన్నది కలివి కోడి. గువ్వంత పిట్ట. పగలు ముళ్లపొదల్లో దాక్కుంటుంది, రాత్రి తిరుగుతుంది. ఎగరడం తక్కువ, ఉరకడం ఎక్కువ. 1900 తర్వాత ఇది ఎవరికీ కనబడలేదు. ఇక లేదనే చదువుకున్నవాళ్లు అనుకున్నారు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు బొమ్మ పట్టుకొని ఊరూరా అడిగారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు దాన్ని పట్టి చూపించాడు. పెద్ద పుస్తకాలకు దొరకని పిట్ట ఆయనకు తెలిసిన పిట్టే! రెండేళ్లకు అది బిళ్ల మీదికి ఎక్కింది. లంకమల అడవి దానికోసం రక్షిత అడవి అయింది. తర్వాత తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదుగా వస్తే, కాలువ దారినే మార్చవలసి వచ్చింది.

బట్టమేక పిట్ట కథ ఇంత మంచిగా లేదు. దాని బిళ్ల 1980లో వచ్చింది, వెల 2 రూపాయల 30 పైసలు. మీటరు ఎత్తు పక్షి. కర్నూలు వైపు రోళ్లపాడు గడ్డి భూముల్లో తిరిగేది. నేల మీదనే గుడ్డు పెడుతుంది, అదీ సాధారణంగా ఒక్కటే. బీడు దున్నితే ఆ గుడ్డు పోతుంది. ఎగిరేటప్పుడు కరెంటు తీగలు తగిలి చస్తుంది. ఇప్పుడు దేశమంతా కలిపినా రెండు వందలు లేవు. రోళ్లపాడులో బిళ్ల మీది బొమ్మే మిగిలినట్టు అయింది.

ఊరపిచ్చుకకు కూడా 2010లో బిళ్ల వేశారు. ఇంటి చూరు కింది పిట్టకు కూడా ఆ గతి పడుతుందేమోనని!

పాత కవరు దొరికితే బిళ్లను గోటితో పీకవద్దు, చినుగుతుంది. చుట్టూ కొంచెం కాగితం ఉంచి కత్తిరించాలి. గిన్నెలో చన్నీళ్లు పోసి అందులో వేయాలి. కొంచెంసేపటికి బంక కరిగి బిళ్ల దానంతట అదే ఊడుతుంది. బొమ్మ కిందికి పెట్టి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే రంగు పోతుంది. తర్వాత లావు పుస్తకం మధ్య పెట్టాలి. నోటుబుక్కులో గమ్ముతో అంటించవద్దు.

బిళ్ల మీద హిందీ, ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. తెలుగు పేరు ఉండదు. అది మీరే రాయాలి. బిళ్ల కింద కాగితం మీద పేరు, సంవత్సరం, వెల రాయండి. ఇంట్లో ముసలమ్మకు బొమ్మ చూపించి అడగండి: "అవ్వా, ఈ పిట్టను మన దిక్కు ఏమంటరు?" ఆమె చెప్పిన పేరు కూడా పక్కన రాయండి.