ఫలక్‌నుమా వాలు కంప్యూటర్ తెర మీద

హైదరాబాద్ పాతబస్తీ అంతా చదును నేల కాదు. దక్షిణాన ఫలక్‌నుమా ప్యాలెస్ గుట్ట మీద ఉంది, అటు నుంచి నేల మూసీ వైపు దిగుతుంది. అలాంటి వాలులో ఇల్లు గీయాలంటే డిజైన్ సాఫ్ట్‌వేర్‌కు ముందు స్థలం ఎత్తుపల్లాలు తెలియాలి.

ఆ వివరం సర్వేయరు ఇస్తాడు. గోడ మూల, గట్టు అంచు, మురుగుకాల్వ అడుగు, పైకి తేలిన బండ తల... టోటల్ స్టేషన్ అనే సర్వే పరికరంతో ఒక్కో బిందువుకు తూర్పు, ఉత్తరం, ఎత్తు నమోదవుతాయి. సాఫ్ట్‌వేర్ ఆ బిందువులను త్రిభుజాలుగా కలిపి నేలను తెర మీద నిలబెడుతుంది. గట్టు అంచును విడి గీతగా ఇవ్వకపోతే నిటారు గట్టు కాస్తా ఏటవాలుగా మారిపోతుంది. మెట్లు, పునాది లెక్క అక్కడే తప్పుతుంది.

అసలు చిక్కు అంకెల్లో ఉంది. మీటర్ల పట్టికను అడుగులుగా చదివిస్తే 30 మీటర్ల స్థలం 30 అడుగులకు కుదించుకుపోతుంది. సర్వే పట్టిక యూటీఎం అనే పటాల నిర్దేశాంక పద్ధతిలో ఉంటే, దాని 44వ మండలంలో చార్మినార్ ఉత్తర విలువ 19 లక్షల మీటర్లు దాటుతుంది. అంత పెద్ద సంఖ్యలతో కొన్ని ప్రోగ్రాముల్లో గీతలు వణుకుతాయి. స్థలం మూలనే సున్నాగా పెట్టుకోవడం మేలు.

ఇక పాత పటాల సంగతి. 1908 మూసీ వరద తర్వాతి ఏళ్లలో లియొనార్డ్ మన్ ఆధ్వర్యంలో నగరాన్ని కొలిచి గీసిన పటాలు పాత గల్లీల హద్దులు చూడటానికి ఎంతో విలువైనవి. ఇంటి పునాదికి మాత్రం ఇవాళ్టి కొలతే కావాలి. తవ్వకం మొదలుకాక ముందే ఆ కొలత తీయించండి.