మీ సొమ్ము ఏ పనిలో ఉంది?
(వార్షిక సభలో సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



కిందటి సభలో మీలో ఒకరు లేచి ఒక ప్రశ్న అడిగారు. "నేను ఇచ్చిన జకాత్ ఏ పనికి వెళ్ళింది?" అని. జవాబు చెప్పడానికి మాకు పదకొండు రోజులు పట్టింది. రసీదు పుస్తకం ఒకరింట్లో, ఖర్చుల నోటుబుక్కు ఇంకొకరింట్లో, దరఖాస్తులు బీరువాలో, మిగతాది కోశాధికారి గారి ఫోనులో ఉన్నాయి. పదకొండు రోజుల తర్వాత దొరికిన జవాబు ఏమంత బాగులేదు. ఆ సొమ్ములో కొంత వీధి బోరుకు పోయింది.

బోరు మంచి పనే. కానీ మనం పాటించే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాడి చేతికి, అతని సొంతంగా చేరాలి. అందరూ నీళ్ళు పట్టుకునే బోరుకు సదఖా వాడవచ్చు, జకాత్ కుదరదు. ఎవరూ దురుద్దేశంతో చేయలేదు, రెండూ ఒకే ఖాతాలో పడి కలిసిపోయాయి. సాధారణ విరాళాల్లోంచి అంత మొత్తం తీసి, రంజాన్‌కు ముందే అర్హులకు అందజేశాం. తప్పు మాది కనుక ఈ మాట మీ ముందే చెప్పాలనుకున్నాం.

ఆ తర్వాతే డేటాబేస్ పెట్టుకున్నాం. మన కుర్రాడొకడు యాక్సెస్‌లో తయారు చేశాడు. అందులో పెద్ద విద్య ఏమీ లేదు. విరాళాలకు ఒక పట్టిక, పనులకు ఒకటి, సాయం పొందేవారికి ఒకటి, చెల్లింపులకు ఒకటి. ప్రతి పనికీ ఒక నంబరు. ఏ రూపాయి ఖర్చు రాసినా అది ఏ పనికో, ఏ రకం సొమ్ములోంచో చెప్పకపోతే కంప్యూటరు ముందుకు సాగనివ్వదు. బోరు నంబరు వేసి జకాత్ అని ఎంచుకుంటే ఒప్పుకోదు. ఫిత్రా అయితే పండుగ నమాజుకు ముందే పంచాలి కనుక, మిగిలిన మొత్తం ఎంతో రోజూ తెర మీద కనిపిస్తుంది.

అసలు కష్టం పేర్ల దగ్గర వచ్చింది. మన దగ్గర సగం మంది ఇంటిపేరు షేక్. ఒకచోట షేక్ అని, ఒకచోట షైక్ అని, ఇంకోచోట ఎస్.కె. అని రాసుకున్నాం. పాత కాగితాలన్నీ ఎక్కించి, రేషన్ కార్డు నంబరుతో సరిచూస్తే, ఒకే ఇంటికి రెండు కుట్టుమిషన్లు ఇచ్చామని బయటపడింది. ఆ పక్క వీధిలో ఒక వితంతువు దరఖాస్తు ఏడాదిన్నరగా బీరువాలోనే ఉంది. ఆమెకు మిషను ఇచ్చేనాటికి కూతురి చదువు మానిపించేసింది. దీన్ని ఏ పట్టికలో రాయాలో మాకు తెలియలేదు.

లెక్కలు రాయడం వ్యాపారస్తుల గొడవ అనుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు. ఖురాన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్, సూరా బఖరాలోని 282వది, అప్పును రాసిపెట్టుకోవడం గురించే. హజ్రత్ ఉమర్ (రజి) గారి కాలంలో ఎవరికెంత ఇవ్వాలో దీవాన్ అనే పట్టీలో రాయించారు.

అయితే కంప్యూటరును నమ్మి ఇంట్లో కూర్చుంటే అదీ మోసమే. ఒక పిల్లవాడి ఫీజు కట్టి 'పూర్తయింది' అని గుర్తు పెట్టాం. వాడు కాలేజీ మానేసి నాలుగు నెలలైందని మెకానిక్ షెడ్డు దగ్గర కలిసినప్పుడు తెలిసింది. అందుకని 'చివరిసారి ఎవరు వెళ్ళి చూశారు, ఎప్పుడు' అనే గడి చేర్చాం. మూడు నెలలు దాటితే ఆ వరుస ఎర్రగా మారుతుంది. ఈరోజుకీ తొమ్మిది వరుసలు ఎర్రగానే ఉన్నాయి.

సాయం పొందినవారి పేర్లు మాత్రం మీకు చూపించం. వాటిని తెరవగలిగేది ఇద్దరే. వాళ్ళు మన మధ్యే, ఈ మహల్లాలోనే తలెత్తుకుని తిరగాలి. మీ విరాళం ఏ పని నంబరుకు వెళ్ళింది, అది ఎంతవరకు వచ్చింది అన్నది అడిగిన వెంటనే చెబుతాం.

ఒక్క మనవి. డబ్బు ఇచ్చేటప్పుడు అది జకాతా, సదఖానా, ఫిత్రానా అన్నది రసీదు మీద రాయించండి. ల్యాప్‌టాప్ భోజనాల దగ్గర బల్ల మీద పెట్టాం, రసీదు నంబరు చెప్పి చూసుకోవచ్చు. ఆ తొమ్మిది ఇళ్ళకు ఎవరైనా మాతో వస్తామంటే, వచ్చే ఆదివారం జొహర్ నమాజు తర్వాత బయలుదేరుతున్నాం.