సైరన్‌కు ముందే దారి

భోగాపురం దాటి రణస్థలం, ఎచ్చెర్ల, నరసన్నపేట, టెక్కలి, పలాస మీదుగా ఇచ్ఛాపురం వైపు సాగే 16వ నంబరు జాతీయ రహదారిపై పగలూ రాత్రీ లారీల రద్దీయే. ఎక్కడైనా ఓ లారీ బోల్తాపడితే నిమిషాల్లో వెనుక బండ్లు బారులు తీరతాయి. ముందుకెళ్లాలన్న ఆత్రంతో బైకులు, ఆటోలు ఉన్న కాస్త సందులోకీ దూరిపోతాయి. వెనకొచ్చిన అంబులెన్స్ అక్కడే ఇరుక్కుపోతుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 సేవ 2005 ఆగస్టు 15న మొదలైంది. ఫోను చేస్తే బండి బయల్దేరుతుంది. క్షతగాత్రుడి దగ్గరకు చేరేది మాత్రం తోటి డ్రైవర్లు దారిస్తేనే. గాయపడిన తర్వాతి తొలి గంటను మోటారు వాహనాల చట్టం ‘గోల్డెన్ అవర్’గా గుర్తించింది. రక్తం పోతున్న మనిషికి ఆ గంటే ప్రాణం.

ఇలా దారిచ్చేందుకు జర్మనీలో ఓ నియమం ఉంది. హైవేపై ట్రాఫిక్ నత్తనడకకు రాగానే ఎడమ చివరి వరుస బండ్లు ఎడమకు, మిగతావన్నీ కుడికి జరగాలి. మధ్యలో బాట సిద్ధంగా ఉంటుంది. సైరన్ వినబడేదాకా ఎవరూ ఎదురుచూడకూడదు.

మన చట్టమూ గట్టిదే. 2019 సవరణ ప్రకారం అంబులెన్స్‌కు, ఫైరింజన్‌కు దారివ్వకపోతే 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మంచి మనసుతో క్షతగాత్రులను ఆదుకున్నవారికి అదే చట్టం రక్షణ కల్పిస్తోంది. ప్రమాదం కంటబడితే 108కి, జాతీయ రహదారిపై అయితే 1033కి కూడా ఫోను చేయవచ్చు. దగ్గరి ఊరి పేరు, కిలోమీటరు రాయి మీది అంకె, బండి ఏ వైపు పడిందో చెబితే సిబ్బంది నేరుగా అక్కడికే చేరుకుంటారు.