స్క్రాపు కొనేవాడి లెక్క ఏది?
(అరసికెరె సభలో చేసిన ప్రసంగం)



పావగడ పల్లెల్లో బోరు కేబుల్ పోతే రైతు పైరు ఎండుతుంది. మిల్లులో రాగి తీగ పోతే అనుమానం ముందు మన మీదే పడుతుంది.

2024 జూలై 1న అమలులోకొచ్చిన భారతీయ న్యాయ సంహిత 306 సెక్షన్ ప్రకారం, యజమాని సొత్తు దొంగిలించిన పనివానికి ఏడేళ్ల వరకు జైలు. దొంగసొత్తని తెలిసి కొన్నవానికి 317 సెక్షన్ కింద మూడేళ్ల వరకు, అదే అలవాటుగా చేస్తే యావజ్జీవం దాకా శిక్ష ఉంది. కానీ కొన్నవాడు "నాకు తెలియదు" అంటే రుజువేది?

ఇంగ్లాండులో 2013 చట్టం స్క్రాపుకు నగదు ఇవ్వరాదంది, అమ్మేవారి పేరు, చిరునామా సరిచూడాలంది. అలాంటి చట్టం మనమూ కోరుదాం. అందాకా గేటు దాటే ప్రతి స్క్రాపు బండికీ తూకం చీటీ, గేటు పాసు, యూనియన్ ప్రతినిధి సంతకం ఉండాలని పట్టుబడదాం.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!