భయం వేరు, జాగ్రత్త వేరు

(మెట్టుగూడలో జరిగిన మన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

నన్ను మాట్లాడమని పిలిచినప్పుడు, "మీ ఉత్తరాది యాత్ర గురించి చెప్పండి మేడమ్, పిల్లలు హుషారుగా వింటారు" అన్నారు. తప్పకుండా చెప్తాను. ఇందులో మంచు కొండలున్నాయి, చెడిపోయిన బస్సుంది, చలికి వణికిన ఒక రాత్రి ఉంది. కానీ ఒక మాట ముందే చెప్పేస్తాను. నేను చూడాలనుకున్న ఊరు చూడలేదు. సగం దారిలో వెనక్కి తిరిగొచ్చాను. ఆ సగం దారిలో నాకేం తెలిసిందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

మా ఇల్లు ఇక్కడే, రైల్వే క్వార్టర్లకు దగ్గర్లో. ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే పోతుంది. ఆ వేళకు నేను హాస్టల్లో పాలు వచ్చాయా, ఉప్మా అందరికీ సరిపోయిందా అని చూసుకుంటూ ఉంటాను. ఏళ్ల తరబడి ఆ రైలు కూత విన్నానే గాని ఎక్కలేదు. నేను ఎక్కిన దూరపు రైలంటే తిరుపతి రైలు ఒక్కటే.

యాత్ర కంటే ముందు ఒక తప్పు గురించి చెప్పాలి. అది నా తప్పే.

2013లో నేను జిల్లాలో ఒక బాలికల హాస్టల్‌కు వార్డెన్‌ని. అక్కడ పదో తరగతి చదివే పిల్ల ఒకతి ఉండేది. హాస్టల్ వెనక చింతచెట్టు చిటారు కొమ్మకెక్కి కాయలు దులిపేది. కింద నేను అరుస్తుంటే పైనుంచి నవ్వేది. ఒకరోజు కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి, భువనగిరి గుట్ట మీద పిల్లలకు బండ ఎక్కే శిక్షణ ఇస్తామన్నారు. ఈ పిల్ల అందరికంటే ముందు చెయ్యెత్తింది. కావలసింది వార్డెన్ సంతకం.

నేను సంతకం పెట్టలేదు. "పరీక్షలున్నాయి, పడితే ఎవరు జవాబుదారీ, రేపు మీ బాపుకు నేనేం చెప్పాలి" అన్నాను. వినడానికి మూడూ పెద్దమనిషి మాటలే. లోపలున్న అసలు మాట మాత్రం ఒక్కటే: నాకు భయం. పిల్లకేమైనా అయితే నా ఉద్యోగం ఏమవుతుందోనన్న భయం. దానికి జాగ్రత్త అని పేరు పెట్టుకున్నాను.

ఆ మరుసటి ఏడాదే, 2014 మే 25న, నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ ఎవరెస్ట్ ఎక్కింది. వయసు 13 ఏళ్ల 11 నెలలు. కూలి పని చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ, గురుకులం పిల్ల, మన తండా పిల్ల. ఆమెతో పాటు ఖమ్మం జిల్లా కుర్రాడు సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఎక్కాడు. టీవీలో ఆ వార్త చూసి అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. కొట్టిన చేతులు కాసేపటికి ఒళ్లో పడ్డాయి. ఎందుకంటే పూర్ణ మొదటి పాఠం నేర్చింది ఆ భువనగిరి బండ మీదే.

మీరొకటి గమనించాలి. పూర్ణ ధైర్యవంతురాలు కాబట్టి ఎక్కేసిందని మనం అనుకుంటాం. ధైర్యం ఒక్కటే అయితే నా హాస్టల్ పిల్లకూ ఉంది. పూర్ణను ముందు భువనగిరిలో తాడు పట్టించారు. తర్వాత డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పంపారు. 1953లో టెన్జింగ్ నార్గే, హిల్లరీ ఎవరెస్ట్ ఎక్కిన తర్వాత 1954లో పెట్టిన సంస్థ అది. ఒకప్పుడు కొండల మీద బరువులు మోసిన టెన్జింగే అక్కడ శిక్షణ చూసుకున్నాడు. ఆ తర్వాత లడఖ్ చలిలో ఉంచారు. ఇవన్నీ అయ్యాకే టిబెట్ వైపు నుంచి శిఖరం మీదికి పంపారు. ఒక్కో మెట్టూ ఎక్కించిన పెద్దవాళ్లున్నారు. సంతకం పెట్టిన చేతులున్నాయి. 2022లో డెనాలి కూడా ఎక్కి, ఏడు ఖండాల్లోనూ ఎత్తైన శిఖరాలు ఎక్కేసింది పూర్ణ.

ఇక నా హాస్టల్ పిల్ల సంగతి. ఇంటర్ మధ్యలో చదువు ఆపేసింది. పెళ్లయింది. గత ఏడాది జూన్‌లో కూతుర్ని మూడో తరగతిలో చేర్చడానికి, నేనున్న చోటు వెతుక్కుంటూ వచ్చింది. ఫారాలు నింపాక మెల్లగా అడిగింది: "మేడమ్, ఆ రోజు మీరు పంపించి ఉంటే నేను ఎక్కేదాన్నా?"

నిష్ఠూరంగా అడగలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎత్తు అంటే ఏమిటో, కొండ అంటే ఏమిటో నాకే తెలియదు. తెలియని దానికి వద్దని ఎలా చెప్పాను?

ఆ దసరా సెలవుల్లో హాస్టల్ ఛార్జి అప్పగించి నేనూ, భద్రాచలం వైపు కోయ అక్క ఒకామె, తనూ వార్డెనే, ఇద్దరం బయల్దేరాం. ఎక్కడికంటే హిమాచల్‌లోని లాహౌల్, స్పితి. అది మన ఏజెన్సీలాగే ఐదో షెడ్యూల్ కింద ఉన్న ప్రాంతం. "మంచులో ఉండే ఎస్టీలను చూసొద్దాం పద" అంది అక్క. స్పితిలోని కాజా అనే ఊరు చూసి రావాలన్నది మా లెక్క.

తెల్లవారి రైలెక్కాం. గంట తిరక్కుండానే కిటికీలో భువనగిరి గుట్ట కనిపించింది. ఒకే బండ, దాని నెత్తిన కోట. తల తిప్పుకోలేదు, చూస్తూనే ఉన్నాను. కాజీపేట, మంచిర్యాల, కాగజ్‌నగర్ దాటి రైలు ఉత్తరానికి పోతుంటే అక్క తన కబుర్లు మొదలుపెట్టింది. తను ఆదిలాబాద్ వైపు పనిచేసినప్పుడు మెస్రం వాళ్ల పాదయాత్ర చూసిందట. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు వాళ్లు కాలినడకన హస్తినమడుగు దాకా పోయి గోదావరి జలం తెస్తారు. నేను మా తాతల లదేణి గురించి చెప్పాను. ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశమంతా తిరిగారు మనవాళ్లు. మొఘల్ సైన్యాలు దక్కన్‌కు దిగినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది మన బంజారా ఎడ్లే. ప్రయాణం మనకు ఎవరో నేర్పాల్సిన విద్య కాదు. మధ్యలో మరిచిపోయాం, అంతే.

ఢిల్లీ నుంచి రాత్రి బస్సులో మనాలీ. అక్కడి నుంచి అటల్ టన్నెల్. 2020లో తెరిచిన ఈ సొరంగం తొమ్మిది కిలోమీటర్లు ఉంటుంది. ఇటువైపు పచ్చటి దేవదారు చెట్లు, అటువైపు తేలేసరికి ఎండిన కొండలు, నెత్తిన మంచు. కీలాంగ్‌లో ఒక ఇంట్లో దిగాం. సముద్రమట్టానికి మూడు వేల మీటర్ల పైన ఉన్న ఊరు. ఆ ఇంటావిడతో వచ్చీరాని హిందీలో మాట్లాడాం. సొరంగం లేనప్పుడు రోహ్‌తాంగ్ కనుమ మంచుతో మూసుకుపోతే నెలల తరబడి బయటికి దారి ఉండేది కాదట. ఆమె చిన్నప్పుడు కులూలో హాస్టల్లో ఉండి చదువుకుంది. చలికాలమంతా అమ్మను చూడలేదట. "మీరూ ఎస్టీయేనా?" అని అడిగింది. అవునన్నాం. "సర్టిఫికెట్ కోసం మీరూ తిరుగుతారా?" అంది. ముగ్గురం పడీ పడీ నవ్వాం.

రెండు రాత్రులు అక్కడే ఉన్నాం. ఎత్తుకు ఒంటిని అలవాటు చేయాలని చదివి వెళ్లాం. మూడు వేల మీటర్లు దాటాక, పడుకునే ఎత్తును రోజుకు ఐదొందల మీటర్లకు మించి పెంచకూడదంటారు. కాజా సుమారు 3,650 మీటర్లు. లెక్క దాదాపు సరిపోయింది. కానీ మధ్యలో 4,551 మీటర్ల కుంజుమ్ కనుమ దాటాలి. ఎక్కి దిగిపోతాం, అక్కడ పడుకోం కదా అనుకున్నాం.

కోక్సర్ దగ్గర కాజా బస్సు అందుకున్నాం. అక్కడి నుంచి రోడ్డు అనేది పేరుకే. రాళ్లు, వాగులు, పక్కన చంద్రా నది. వేసవిలో ఈ వాగుల్ని పొద్దున్నే దాటాలట. ఎండ ఎక్కేకొద్దీ పైన మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయని డ్రైవర్ చెప్పాడు. మేం వెళ్లింది చలి ముదిరే రోజుల్లో కాబట్టి నీళ్లు తక్కువే. బస్సుకు దెబ్బ నీళ్ల వల్ల కాదు, రాళ్ల వల్ల తగిలింది. బాతల్ చేరేసరికి కమాన్ కట్ట విరిగింది. కొత్తది వచ్చేది రేపే అన్నారు.

బాతల్ ఊరు కాదు. నది ఒడ్డున రెండు మూడు ధాబాలు, చుట్టూ కొండలు. ఎత్తు దాదాపు నాలుగు వేల మీటర్లు. అంటే మా లెక్క తప్పింది. కీలాంగ్ కంటే తొమ్మిదొందల మీటర్ల పైన పడుకోవాల్సి వచ్చింది. రాజ్మా అన్నం తిని, రెండేసి రజాయిలు కప్పుకున్నాం. అర్ధరాత్రి అక్క లేచి కూర్చుంది. తల పగిలిపోతోందంది. రెండుసార్లు వాంతి అయింది. నీళ్లు తాగించాను. నిద్ర మాత్ర వేసుకుంటానంటే వద్దన్నాను. ఆ ఎత్తులో నిద్ర మాత్ర ఊపిరిని ఇంకా తగ్గిస్తుంది. తెల్లారేదాకా ఆమె ఊపిరి వింటూ కూర్చున్నాను. హాస్టల్లో జ్వరం వచ్చిన పిల్లల పక్కన ఎన్ని రాత్రులు అలా కూర్చున్నానో. అది మాత్రం నాకు అలవాటే.

పొద్దున బస్సు బాగైంది. తోటి ప్రయాణికులు, "ఇంకొంచెం ఎక్కితే కనుమ, ఆ తర్వాత అంతా దిగుడే, రండి" అన్నారు. అక్క కూడా, "నా కోసం ఆగకు, నువ్వు పో. నేను కిందికి పోతాలే" అంది. లేచి నిలబడితే తూలుతోంది.

ఎత్తు వల్ల జబ్బు చేసిన మనిషిని ఇంకా ఎత్తుకు తీసుకుపోకూడదు, దించాలి. తగ్గితే తర్వాత మళ్లీ ఎక్కొచ్చు. ఇది నాకు తెలుసు. తెలిసి, ఒంటరిగా ఎలా పంపను? బస్సు నుంచి సంచులు దించేశాను. బస్సు మలుపులు తిరుగుతూ పైకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఏడుపొచ్చిందని చెప్పడానికి నాకు సిగ్గు లేదు.

కిందికి పోయే ఒక పికప్ బండిలో కూర్చున్నాం. దిగేకొద్దీ అక్క ముఖం తేటపడింది. కోక్సర్ చేరేసరికి, "టీ తాగుదామా" అని అడిగింది. ఆ మాట కంటే మంచి మాట ఆ యాత్రలో నేను వినలేదు.

అక్కడే టీ తాగుతుంటే గద్దీ గొర్రెల కాపరులు మంద తోలుకుంటూ దిగుతున్నారు. వాళ్లూ హిమాచల్‌లో ఎస్టీలే. వేసవిలో లాహౌల్ పచ్చికకు ఎక్కుతారు, చలికి ముందు దిగుతారు. ఒక ముసలాయన రాళ్ల మీద ఏదో చల్లుతుంటే గొర్రెలు నాకుతున్నాయి. ఏమిటని అడిగాను. "లూణ్" అన్నాడు. మా యాడి వంటింట్లో ఉప్పును అలాగే అంటుంది. ఇంటికి రెండు వేల కిలోమీటర్ల అవతల, మా గోర్ బోలి మాట ఆ ముసలాయన నోట విన్నాను. కాజా చూడకపోతేనేం అనిపించింది ఆ క్షణం.

తిరుగు రైల్లో రెండు రోజులూ ఒకటే ఆలోచన. 2013లోనూ నేను వద్దన్నాను, బాతల్‌లోనూ వద్దన్నాను. రెండూ ఒకటేనా? కాదు. మొదటిసారి నేనేమీ తెలుసుకోలేదు, ఎవరినీ అడగలేదు, గడప దాటకుండానే వద్దన్నాను. అది భయం. రెండోసారి చదువుకుని వెళ్లాను, దారి చూశాను, మనిషిని చూశాను, అప్పుడు వెనక్కి తిరిగాను. అది జాగ్రత్త. భయం మనల్ని బయల్దేరనివ్వదు. జాగ్రత్త బయల్దేరనిస్తుంది, ఎక్కడ ఆగాలో కూడా చెబుతుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు వెళ్లండి. చేతిలో ఫోనుంది కదా అని మాత్రం పరుగెత్తకండి, కొండల్లో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు. ఎక్కడికి పోతున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో రాసిపెట్టి పోండి. ఒంటరిగా పోకండి. ఒక రోజు ఎక్కువ చేతిలో ఉంచుకోండి, తిరుగు ఖర్చు విడిగా దాచండి. సెల్ఫీ కోసం జలపాతం అంచుకు పోయేవాణ్ణి ధైర్యవంతుడు అనకండి. జబ్బు చేసిన స్నేహితుణ్ణి వదిలి శిఖరం ఎక్కేవాణ్ణి అసలే అనకండి. ఇక్కడున్న తల్లిదండ్రులకు, నా తోటి వార్డెన్లకు కూడా ఒక మాట. పిల్ల ఏదైనా అడిగితే వద్దనే ముందు నాలుగు ప్రశ్నలు అడగండి: ఎవరు తీసుకుపోతున్నారు, ఏం నేర్పుతారు, తాడు ఎవరు పట్టుకుంటారు, దెబ్బ తగిలితే ఏం చేస్తారు. జవాబులు సరిగ్గా ఉంటే సంతకం పెట్టండి. లేకపోతే ఎందుకు పెట్టలేదో ఆ పిల్లకు చెప్పండి.

ఈ సంక్రాంతి సెలవులకు ముందు పన్నెండు మంది పిల్లల్ని రైల్లో భువనగిరి తీసుకెళ్లాను. తాడు ఎక్కుడు కాదు, కోట మెట్ల దారే. తల్లిదండ్రుల సంతకాలు, మందుల పెట్టె, నీళ్లు అన్నీ సర్దుకున్నాం. ఆ మూడో తరగతి పాప కూడా వచ్చింది. వాళ్లమ్మకూ కబురు చేశాను. చంటివాణ్ణి ఇంట్లో వదిలి వచ్చింది.

సగం ఎక్కేసరికి నాకు ఆయాసం వచ్చి కూర్చుండిపోయాను. ఆమె మాత్రం చీర కొంగు నడుముకు దోపుకుని, ఒక్కసారి కూడా ఆగకుండా కూతురి కంటే ముందు పైకి చేరింది. నేను మెల్లగా ఎక్కి పక్కన నిలబడ్డాను. జూన్‌లో ఆమె అడిగిన ప్రశ్నకు అప్పుడు జవాబు చెప్పాను. "ఎక్కేదానివే. నేనే పంపలేదు. తప్పు నాది" అన్నాను.

ఆమె ఏమీ అనలేదు. కింద రైలు పోతుంటే కూతుర్ని ఎత్తుకుని, "అదిగో, ఉత్తరానికి పోయే రైలు" అని చూపించింది.